నకురులో గులాబీ రంగు ఏమైంది? సరస్సు ఒడ్డు సఫారీ వెనక నీళ్ల లెక్క

మా అమ్మ పుట్టిల్లు నాయుడుపేట పక్కన ఒక పల్లెటూరు. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి పులికాట్ నీళ్లలో రాజహంసల్ని, అంటే ఫ్లెమింగోల్ని, చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. అందుకే కెన్యా రాజధాని నైరోబిలో ఉంటున్న అక్కా బావల దగ్గరికి వెళ్లినప్పుడు, ఆదివారం నకురు సరస్సుకి పోదామనగానే అందరికంటే ముందు చీర మార్చుకుని కూర్చుంది. ట్రావెల్స్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో సరస్సు అంచంతా గులాబీ రంగు చీర ఆరేసినట్టుంది.

తీరా వెళ్లి చూస్తే ఆ రంగు లేదు. ఒడ్డున ఉండాల్సిన చెట్లు నీళ్ల మధ్యలో నిలబడి ఉన్నాయి. ఆకు లేదు, బెరడు లేదు, తెల్లగా ఎముకల్లా మోళ్లు. వాటి మీద నీటికాకులు రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటున్నాయి. మేం వచ్చిన మట్టిరోడ్డు సరిగ్గా మా బండి ముందు నీళ్లలోకి దిగి మాయమైపోయింది. దూరంగా ఓ మూల పలచగా, ఎవరో కుంకుమ చిలకరించినట్టు, కొన్ని వందల పక్షులు.

"ఇదేనా?" అన్నాడు బావ, డబ్బులు కట్టింది ఆయనే కాబట్టి.

అమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "నీళ్లెక్కువైనట్టున్నాయిరా. మన పులికాట్‌లోనూ అంతే. లోతెక్కువైతే వాటికి కాళ్లానవు, మేత అందదు, రావు" అంది.

ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియాలంటే ఆ సరస్సు నీళ్లేమిటో, ఆ పక్షి ముక్కేమిటో, చుట్టూ ఉన్న కరెంటు కంచె ఏమిటో చూడాలి. అవి తెలిశాక, సరస్సు ఒడ్డునున్న పార్కులో ఒక చోట పడవెందుకు ఎక్కిస్తారో, ఇంకో చోట బండి దిగనివ్వకుండా ఎందుకు కూర్చోబెడతారో కూడా అర్థమవుతుంది. సింహాలు, ఖడ్గమృగాలు ఎన్నున్నాయన్న లెక్క తర్వాత. ముందు నీళ్ల సంగతి.

చౌడు నీళ్లు

సఫారీ అనేది స్వాహిలీ మాట, ప్రయాణం అని అర్థం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. మన ముసాఫిర్‌ఖానాలో ఉన్నదీ ఆ సఫరే. కెన్యాలో ఎవరైనా సఫారీకి బయల్దేరాను అంటే సొంతూరికి పోతున్నాడేమో కూడా. సింహాల్ని చూడటం అనే అర్థం తర్వాత అంటించింది.

నకురు ఊరు నైరోబికి వాయవ్యంగా సుమారు 160 కిలోమీటర్లు. ఉగాండా వైపు వెళ్లే లారీలన్నీ ఆ దారిలోనే పోతాయి కాబట్టి మూడు గంటలు అనుకుంటే నాలుగైనా ఆశ్చర్యం లేదు. సరస్సు దాదాపు 1,750 మీటర్ల ఎత్తులో ఉంది. భూమధ్యరేఖ పక్కనే కదా అని పలచటి చొక్కాతో వెళ్తే జూలై పొద్దుటి పూట పళ్లు టకటకలాడతాయి. మన లంబసింగి కంటే ఎత్తు అది.

ఈ ప్రాంతమంతా రిఫ్ట్ లోయ. తూర్పు ఆఫ్రికాలో భూమి నిదానంగా రెండుగా విడిపోతోంది, ఆ చీలిక అడుగున వరసగా సరస్సులు ఏర్పడ్డాయి. చుట్టూ అగ్నిపర్వతాల రాళ్లు. వాన నీళ్లు ఆ రాళ్లని కడుక్కుంటూ వచ్చి సోడియం కార్బొనేట్, అంటే మనం బట్టలుతికే సోడాని, మోసుకొచ్చి లోయ అడుగున పోస్తాయి. నకురులోకి న్జోరో, మకాలియా, న్డెరిట్ లాంటి ఏర్లు వచ్చి కలుస్తాయి కానీ బయటికి ఒక్కటీ పోదు. నీళ్లు ఆవిరై పోవాల్సిందే. పోయేది నీళ్లే, సోడా అక్కడే మిగులుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే నీళ్ల క్షారం పీహెచ్ 10 దాటుతుంది. వేళ్ల మధ్య రుద్దితే సబ్బు నురగలా జారుతుంది.

మన దగ్గర దీనికి మంచి మాటే ఉంది. చౌడు. చౌడు నేలలో పైరు ఎందుకు రాదో రైతుకి తెలుసు, అదే చౌడుమట్టితో బట్టలెందుకు తెల్లగా వస్తాయో చాకలికి తెలుసు. నకురు ఒక చౌడు సరస్సు. మామూలు చేప అందులో బతకలేదు.

కానీ ఒకటి బతుకుతుంది, బతకడమేమిటి, పండగ చేసుకుంటుంది. మందుల షాపుల్లో ఆకుపచ్చ మాత్రలుగా అమ్మే స్పిరులినా జాతి సూక్ష్మజీవి. పోటీకి వచ్చేవి ఆ చౌడులో తట్టుకోలేవు, మీద భూమధ్యరేఖ ఎండ, కింద ఖనిజాలు. సరస్సంతా చిక్కటి ఆకుపచ్చ పులుసైపోతుంది. ఆ పులుసు తాగడానికే పుట్టిన పక్షి చిన్న ఫ్లెమింగో.

ఇక్కడే అమ్మ మాట దగ్గర ఆగాలి. పులికాట్‌కి ఎక్కువగా వచ్చేది పెద్ద ఫ్లెమింగో. మనిషి ఛాతీ దాకా వస్తుంది, లేత రంగు, ముక్కు గులాబీ, చివర నలుపు. అది బురద కెలికి చిన్న రొయ్యలు, పురుగులు తింటుంది, కాబట్టి దానికి అడుగు అందాలి. నీళ్లు లోతైతే నిజంగానే మేత అందదు. నకురుని గులాబీ చేసింది ప్రధానంగా చిన్న ఫ్లెమింగో. దీని ముక్కు ముదురు ఎరుపు, దూరం నుంచి నల్లగానే కనబడుతుంది. తల తలకిందులు చేసి, ముక్కు నీటి పైపొరలో పెట్టి, నాలుకని పంపులా ఆడిస్తూ నీళ్లు లాగుతుంది, వదులుతుంది. ముక్కు లోపల సన్నటి దువ్వెన పళ్ల లాంటివి వేల సంఖ్యలో ఉంటాయి, ఆ ఆకుపచ్చ పోగులు వాటిలో చిక్కుకుంటాయి. టీ వడపోసే జాలీ ఇందులో సగం పని కూడా చేయలేదు. అడుగు అందకపోతే ఈత కొడుతూ కూడా తినగలదు. అంటే లోతు దీనికి అంత పెద్ద సమస్య కాదు.

దీని సమస్య పులుసు పలచబడటం. రంగు కూడా అందులోంచి వచ్చేదే. పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది, తిన్న మేతలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఈకల్లో చేరి గులాబీ అవుతుంది.

దుమ్మూరు మునిగింది

నకురు అంటే మాసాయి భాషలో దుమ్ము రేగే చోటు అని చెబుతారు. 1990ల మధ్యలో ఆ పేరుకి తగ్గట్టే సరస్సు చాలా మేర ఎండిపోయి తెల్లటి సోడా దుమ్ము లేచింది. 1997-98 ఎల్ నినో వానలకి మళ్లీ నిండింది. పెరగడం, తరగడం దానికి కొత్త కాదు.

2010 తర్వాత జరిగింది మాత్రం వేరే. నీళ్లు ఎక్కడం మొదలెట్టి ఆగలేదు. అంతకుముందు 40 చదరపు కిలోమీటర్లకి అటూ ఇటూ ఉన్న సరస్సు పదేళ్లలో 60 దాటింది. పార్కు ప్రధాన గేటు, దాని పక్క ఆఫీసులు మునిగాయి, గేటు వేరే చోట కట్టుకోవాల్సి వచ్చింది. ఒడ్డు చుట్టూ తిరిగే రోడ్డు ముక్కలైంది. నీటి ఒడ్డున పెరిగే పసుపు రంగు కాండం తుమ్మ చెట్లు, ఫీవర్ ట్రీలు అంటారు, వేళ్లు కుళ్లి నిలబడ్డ చోటే చచ్చిపోయాయి. మేం చూసిన తెల్ల మోళ్లు అవే. ఆ చెట్ల నీడనున్నవాళ్లకే జ్వరమొస్తోందని ఆనాటి తెల్లవాళ్లు వాటికి ఆ పేరు పెట్టారు. దోషం చెట్టుది కాదు, అది పెరిగే చిత్తడిలో ఉండే దోమలది.

ఎందుకు ఎక్కాయి అంటే మూడు జవాబులు వినిపిస్తాయి. ఒకటి వానలు. రెండు, పైన మావ్ అడవిని నరికి పొలాలు చేయడం వల్ల వాన నీరు ఇంకకుండా మట్టితో సహా కిందికి రావడం. మూడు, లోయ అడుగు కదులుతోందన్నది. నాకైతే మూడోది వినడానికి బాగుంటుంది తప్ప పెద్దగా అక్కరకు రాదనిపిస్తుంది. ఎందుకంటే నకురుతో పాటే నైవాషా, బొగోరియా, బరింగో కూడా ఒకే కాలంలో ఎక్కాయి. ఒక ఊరి కాలువనో, ఒక కొండ అడవినో మాత్రమే తప్పుపట్టడానికీ ఇదే అడ్డు. కెన్యా ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి 2021లో ఇచ్చిన నివేదిక కూడా వాతావరణ మార్పు తెచ్చిన అధిక వర్షాలనే ప్రధాన కారణంగా చూపింది. అడవి పోవడం ఆ వానని ఇంకా త్వరగా సరస్సులో పోసింది. వాన పైనుంచి తోస్తే, బోడి కొండ ఆపకుండా వదిలేసింది. సరస్సు ఒడ్డు దాకా పెరిగిన నకురు ఊరి కాంక్రీటు, మురుగు ఉండనే ఉన్నాయి. 2021 డిసెంబరులో దానికి నగర హోదా కూడా వచ్చింది.

నీళ్లు ఎక్కితే సోడా ఎక్కలేదు కదా. ఉన్న చౌడే ఎక్కువ నీళ్లలో కలిసి పలచబడింది. పప్పులో నీళ్లు పోసుకుంటూ పోతే ఏమవుతుందో అదే. స్పిరులినాకి ఉన్న ఏకచ్ఛత్రాధిపత్యం పోయింది, వేరే నాచులు వచ్చి కూర్చున్నాయి. చిన్న ఫ్లెమింగోకి మేత చాలక లేచిపోయింది. ఎక్కువ భాగం ఉత్తరాన ఉన్న బొగోరియాకి వెళ్లాయి. అది లోతైన, ఘాటైన చౌడు సరస్సు, నీళ్లు పెరిగినా ఆ ఘాటు అంత త్వరగా విరగలేదు. అక్కడ ఒడ్డున వేడినీటి ఊటలు బుసకొడుతుంటాయి, గుడ్డు ఉడికిపోయేంత వేడి.

అయితే ఫ్లెమింగోలు నకురుని 'వదిలేసి పోయాయి' అని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది వాటి ఇల్లు ఎప్పుడూ కాదు. తూర్పు ఆఫ్రికా చిన్న ఫ్లెమింగోలు గుడ్లు పెట్టేది ప్రధానంగా టాంజానియాలోని నేట్రన్ సరస్సులో. అక్కడి ఘాటుకి నక్కా, హైనా దగ్గరికి రాలేవు. నకురు, బొగోరియా, ఎల్మెంటైటా, ఇవన్నీ మెస్సులు. ఏ మెస్సులో ఆ నెల భోజనం బాగుంటే అక్కడికి, అదీ చాలావరకు రాత్రి పూట ఎగిరి. మంచి రోజుల్లో నకురులో ఒకేసారి పది లక్షలకు పైగా పక్షులు దిగాయంటే వేరే మెస్సులు ఖాళీ అని అర్థం. యునెస్కో 2011లో ఈ మూడు సరస్సుల్నీ కలిపి ఒకే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించడంలో తర్కం అదే. టూరు ప్యాకేజీలు మాత్రం ఒక్క సరస్సు పేరు మీద, ఎప్పుడో తీసిన ఫొటోతో గులాబీ రంగు అమ్ముతుంటాయి.

ఆగండి, గూడబాతుల, అంటే పెలికాన్ల, సంగతి మర్చిపోయాను. ఒకప్పుడు నకురులో చేపలే లేవు. 1950లు, 60ల్లో దోమల్ని తింటాయని మగాడి అనే ఇంకో సోడా సరస్సు నుంచి చౌడుకి తట్టుకునే చిన్న తిలాపియాని తెచ్చి వదిలారు. దోమల మాటేమో గానీ, చేప కోసం తెల్ల గూడబాతులు గుంపులుగా దిగాయి. పక్షుల పార్కుగా పేరొచ్చిన చోట ఇంత పెద్ద పక్షి చేరడం వెనక ఉన్నది మనిషి దోమల మందు.

కదలని కంచె

1960లో పక్షుల కోసం సరస్సు దక్షిణ భాగాన్ని కాపాడటంతో మొదలై, ఆ దశకంలోనే జాతీయ పార్కై, తర్వాత పెరుగుతూ వచ్చి ఇప్పుడు మొత్తం 188 చదరపు కిలోమీటర్లు. కెన్యాలోనే ఉన్న పెద్ద పార్కు మసాయి మారాలో ఇలాంటివి చాలా పడతాయి. చుట్టూ కరెంటు కంచె. ఎందుకంటే ఖడ్గమృగం.

1970 ప్రాంతంలో కెన్యాలో నల్ల ఖడ్గమృగాలు సుమారు 20,000. కొమ్ము కోసం వేటాడి వేటాడి 1980ల చివరికి 400 లోపుకి తెచ్చారు. ఉన్నవాటిని విడివిడిగా అడవిలో కాపాడలేమని ప్రభుత్వం 1987లో నకురు చుట్టూ కంచె వేసి ఖడ్గమృగాల ఆశ్రయంగా మార్చింది. కెన్యాలోనే ఉన్న సోలియో రాంచ్ నుంచి నల్లవాటిని తెచ్చారు. తెల్లవి దక్షిణాఫ్రికా నుంచి వచ్చాయి. అలా గులాబీ పక్షుల కోసం మొదలైన పార్కు బూడిద రంగు జంతువు మీద నిలబడింది. ఫ్లెమింగో పోయినా నకురుకి జనం వస్తున్నారంటే కారణం ఇదే. తెల్ల, నల్ల ఖడ్గమృగాలు రెండింటినీ ఒకే పూటలో చూసే అవకాశం ఇక్కడిలా చాలా చోట్ల లేదు.

తెలుపూ నలుపూ అన్న పేర్లు పట్టుకుని రంగు వెతికితే మోసపోతారు, రెండూ బూడిదే. మూతి చూడాలి. తెల్లదాని పెదవి వెడల్పుగా, గడ్డి కోసే యంత్రంలా చదునుగా ఉంటుంది, తల ఎప్పుడూ నేల మీదే. నల్లదాని పై పెదవి కొక్కెంలా ముందుకు వంగి ఉంటుంది, దాంతో కొమ్మని పట్టి ఆకు తుంచుతుంది, అందుకే పొదల్లో ఉంటుంది. మేం ఆ రోజు చూసింది తల్లీపిల్లా తెల్లవి. బండికి కొంచెం దూరంలో. ఇంజను ఆపేశాక గడ్డి తెగుతున్న చప్పుడు వినబడింది, కరకరమని, ఆవు మేస్తున్నప్పటి చప్పుడే, కాకపోతే ఇంకా గట్టిగా. పిల్ల ఒకసారి మావైపు చూసి, పెద్ద పని ఏమీ లేనట్టు తల్లి పొట్ట కిందికి పోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. కంచె కదలదు. సరస్సు 20 చదరపు కిలోమీటర్లకు పైగా పెరిగింది. ఆ మేరకి గడ్డి నేల తగ్గింది, అదీ ఒడ్డున ఉండే మంచి గడ్డి. అడవిదున్నలు, జీబ్రాలు, ఇంపాలాలు, వాటర్‌బక్‌లు అన్నీ మిగిలిన నేల మీదికి ఒదగాలి. టూరిస్టుకి ఇది బ్రహ్మాండంగా కనబడుతుంది, ఎటు చూసినా జంతువే. "ఎంత బాగా పెంచుతున్నారో" అని మా బావ మెచ్చుకున్నాడు కూడా. ఇరుకు గదిలో పదిమందుంటే ఇల్లు కళకళలాడుతోందన్నట్టుంది ఆ మాట. 1970ల్లో పశ్చిమ కెన్యా నుంచి తెచ్చి వదిలిన రోత్స్‌చైల్డ్ జిరాఫీలు తుమ్మ చెట్ల బెరడు ఒలిచి తినడం ఇక్కడ బాగా తెలిసిన సమస్య. బయటికి పోయే దారి లేని జంతువుకి మనిషే దారి వేయాలి. పట్టుకుని, లారీ ఎక్కించి, వేరే పార్కుకి.

ఆ పని ఎంత ప్రమాదమో 2018 జూలైలో తెలిసింది. నైరోబి, నకురు పార్కుల నుంచి 11 నల్ల ఖడ్గమృగాల్ని త్సావో ఈస్ట్ పార్కులో కొత్తగా కట్టిన ఆశ్రయానికి తరలించారు. అక్కడ తాగడానికి పెట్టిన నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఉప్పు నీళ్లు తాగితే దాహం పెరుగుతుంది, దాహం పెరిగితే ఇంకా తాగుతాయి. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. దేశమంతా గగ్గోలైంది. నకురులో ఫ్లెమింగో నీళ్ల ఉప్పదనం తగ్గి పోయింది, త్సావోలో ఖడ్గమృగం ఉప్పదనం ఎక్కువై పోయింది.

ఏనుగు మాత్రం నకురులో కనబడదు. చిన్న పార్కు, చుట్టూ కంచె. ఏనుగు ఉంటే చెట్లూ మిగలవు, కంచే మిగలదు. కాబట్టి 'బిగ్ ఫైవ్', అంటే సింహం, చిరుతపులి, ఖడ్గమృగం, అడవిదున్న, ఏనుగు, గ్యారంటీ అని ఎవరైనా ఒక్క నకురుకే టికెట్ అమ్మితే ఆ ఐదోది ఎక్కడుందో అడగండి.

బండి, పడవ, కాలినడక

మరి అక్కడ చేసేదేమిటి? నకురు ప్రధానంగా బండిలో తిరిగే పార్కు. వ్యాను పైకప్పు లేస్తుంది, నిలబడి చూడొచ్చు. ఉదయం ఆరింటికి గేటు తెరిచే వేళకి అక్కడ ఉంటే మంచిది. తొమ్మిదిన్నర దాటితే సింహం నీడకి పోతుంది, చిరుతపులి ముందే పోతుంది. మళ్లీ మూడున్నర తర్వాతే కదలిక. మధ్యాహ్నం బబూన్ క్లిఫ్ అనే కొండ అంచుకి ఎక్కితే మొత్తం సరస్సు కింద పళ్లెంలా కనబడుతుంది, ఎంత మేర మునిగిందో అక్కడి నుంచి తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. దక్షిణాన మకాలియా జలపాతం ఉంది, వానాకాలంలో అయితేనే చూడదగ్గది. తూర్పు గట్టు మీద మన బొమ్మజెముడు జాతి చెట్లు ఇల్లంత ఎత్తున అడవిలా పెరిగాయి. డ్రైవర్లు వాటి దగ్గర ఆపరు, అడిగి ఆపించుకోవాలి.

డ్రైవర్లు రేడియోలో స్వాహిలీలో చెప్పుకుంటుంటారు. సింబా అంటే సింహం, మనకి వినగానే తెలిసిపోతుంది. కిఫారు ఖడ్గమృగం, ట్విగా జిరాఫీ, న్యాటి అడవిదున్న. జీబ్రాని పుండా మిలియా అంటారు, చారల గాడిద. మనం గుర్రం అన్నాం, వాళ్లు గాడిద అన్నారు. పక్కన నిలబెట్టి చూస్తే వాళ్లదే కరెక్టేమో అనిపించింది.

సింబా అన్న మాట రేడియోలో పడగానే పది బండ్లు ఒక చోట మూగుతాయి. నిబంధన ప్రకారం అలా మూగకూడదు, రోడ్డు దిగకూడదు, హారన్ కొట్టకూడదు, తలుపు తీయకూడదు. ఈ చివరిదే మనవాళ్లకి కష్టం. బండి అలవాటైన జంతువు దాన్ని ఒకే పెద్ద వస్తువుగా చూస్తుంది, పక్కన పోతున్నా పట్టించుకోదు. అందులోంచి ఒక మనిషి ఆకారం విడివడి నేల మీద నిలబడితే లెక్క మారిపోతుంది, అది పారిపోవాలి లేదా మీద పడాలి. డ్రైవర్‌కి ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి దగ్గరికి పొమ్మనేవాళ్లని చూశాను. పోతే ఉద్యోగం అతనిది పోతుంది, ఫొటో వీళ్లకి వస్తుంది.

భోజనానికి దిగనిచ్చే పిక్నిక్ స్థలాలు వేరే ఉంటాయి. అక్కడ సింహం కంటే బబూన్ కోతి ప్రమాదం. అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర కలిపి తెచ్చింది. మూత తీసి పక్కన పెట్టి ప్లేట్లు తీసేలోపు ఒకటి వచ్చింది. పరుగెత్తలేదు, దొంగలాగా కూడా రాలేదు, నడుచుకుంటూ వచ్చి డబ్బా ఎత్తుకుని నడుచుకుంటూ పోయింది. పది అడుగుల దూరంలో కూర్చుని, ఒక్కొక్క ఎండుమిరపకాయ తీసి పక్కన పారేసి, వేరుశనగ గుళ్లు ఏరుకుని తింది. "తిరుమల కోతులు కూడా ఇంత తీరుబడిగా తినవు" అంది అమ్మ. నవ్వుకున్నాం గానీ, అలా మనిషి తిండి మరిగిన కోతి చివరికి మనిషి మీద పడుతుంది, అప్పుడు దాన్ని చంపాల్సి వస్తుంది. డబ్బా బండిలోనే ఉంచాల్సింది, తప్పు మాదే.

పడవ ఎక్కాలని ఉంటే దారిలోనే ఉన్న నైవాషా సరస్సు దగ్గర ఆగాలి. విచిత్రమేమిటంటే అదీ ఇదే లోయ అడుగు, అదీ బయటికి ఏరు పారని సరస్సే. కానీ మంచినీళ్లు. దాని అడుగు నుంచి నీళ్లు భూమిలోకి ఊరి బయటికి పోతుంటాయి, పోతూ ఉప్పుని కూడా తీసుకుపోతాయి. అడుగు కారే కుండ, కారని కుండ, అంతే తేడా. కారే కుండలో చేపలు, జమ్ముగడ్డి, నీటిగుర్రాలు, వాటి మధ్య నుంచి పడవలు. నీటిగుర్రం శాకాహారి కదా అని ధీమాగా ఉండొద్దు, పడవకీ లోతుకీ మధ్య దాన్ని ఇరికిస్తే తిరగబడుతుంది. తెలిసిన పడవవాడు ఎప్పుడూ లోతు వైపు దాని దారి వదిలేసి పక్క నుంచి పోతాడు. ఆ పక్కనే క్రెసెంట్ ఐలాండ్‌లో జిరాఫీల మధ్య నడవొచ్చు, సింహాలు లేవు కాబట్టి. కొంచెం అవతల హెల్స్ గేట్ పార్కులో సైకిల్ కూడా తొక్కుకోవచ్చు.

మిగతా సరస్సు పార్కుల్నీ ఈ కళ్లతోనే చూడొచ్చు. ఉగాండాలో క్వీన్ ఎలిజబెత్ పార్కుకి ప్రాణం కజింగా అనే సహజ కాలువ. జార్జ్, ఎడ్వర్డ్ సరస్సుల్ని కలిపే మంచినీళ్లు కాబట్టి అక్కడ పడవే అసలు సఫారీ. అదే దేశంలో మ్బురో సరస్సు దగ్గర ఏనుగులు లేవు, గుర్రం మీద తిరగనిస్తారు. రువాండాలో అకగేరా పార్కులో ఇహేమా సరస్సు మీద పడవలున్నాయి, అక్కడ అంతరించిన సింహాల్ని 2015లో తెచ్చి వదిలారు. టాంజానియాలో మన్యారా మళ్లీ చౌడు సరస్సే, కానీ పక్క గట్టు కింద ఊట నీళ్లతో పెరిగిన దట్టమైన అడవి ఉంది, అందుకే అక్కడ చెట్ల కొమ్మల మధ్య కట్టిన వంతెన మీద నడిపిస్తారు. సింహాలు చెట్లెక్కి పడుకుంటాయని కూడా ఆ పార్కుకి పేరుంది.

వెళ్లేవాళ్లకి ఒక్కమాట. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోకుండా కెన్యా వెళ్తే పోవడం కంటే తిరిగి రావడం దగ్గర టెన్షన్. సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, కాబట్టి టికెట్‌తో పాటే ఆ పనీ చూసుకోవాలి. పార్కు ఫీజు గేటు దగ్గర నోట్లతో తీసుకోరు, ఆన్‌లైన్‌లో కట్టాలి. ఫ్లెమింగోలే చూడాలనుకుంటే బుక్ చేసే ముందు 'ఈ వారం అవి ఏ సరస్సులో ఉన్నాయి' అని డ్రైవర్‌ని అడగండి, ట్రావెల్స్ ఆఫీసుని కాదు.

మేం నాలుగింటికి గేటు దాటి నైరోబి దారి పట్టాం. అరగంట పోయాక ఎల్మెంటైటా సరస్సు కనబడే చోట హైవే పక్కన ఆపాడు డ్రైవర్. మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. ఆకాశంలో నకురు వైపు నుంచి తెల్లటి పెద్ద పక్షులు, ఒక్క రెక్క కూడా ఆడించకుండా, వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ వస్తున్నాయి. తెల్ల గూడబాతులు. వాటి గూళ్లు ఎల్మెంటైటాలోని రాతి దిబ్బల మీద ఉంటాయి, మేతకి మాత్రం నకురు దాకా పోయి వస్తాయి. ఎండ ఎక్కి గాలి వేడెక్కాకే బయల్దేరతాయి, లేకపోతే అంత బరువుతో అంత దూరం ఎగరడం కష్టం.

"నేలపట్టులో చెట్ల మీద పెడతాయి కదరా గూళ్లు, ఇక్కడ రాళ్ల మీదా?" అని అడిగింది అమ్మ. అవి వేరే రకం అని చెప్పాను. కంకి తింటూ చివరి పక్షి దిగేదాకా చూసి, అప్పుడు బండెక్కింది.